సంక్లిష్ట యంత్రభాగాల డ్రాయింగుల్లో వ్యూల ఎంపిక

యంత్రభాగం ఆకారం, కొలతలు, టాలరెన్సులు, పదార్థం, ఉపరితలపు నునుపు అన్నీ పొందుపరిచి వర్క్‌షాపుకు పంపే పత్రాన్ని తయారీ డ్రాయింగ్ అంటారు. ఆ భాగాన్ని ఏ వైపు నుంచి చూపాలి, ఎక్కడ కోసి చూపాలి, మొత్తం ఎన్ని బొమ్మలు వేయాలి అన్నది తేల్చుకోవడమే వ్యూల ఎంపిక. సాదా షాఫ్టుకు ఒక్క వ్యూ చాలు. కొలత ముందు వ్యాసం గుర్తు ఉంటే అది గుండ్రమని టర్నర్‌కు తెలిసిపోతుంది. రేకు ముక్కకూ ఒక్క వ్యూ వేసి, మందం పక్కన రాస్తే సరిపోతుంది. పోతపోసిన గేర్‌బాక్స్ హౌసింగ్, పంపు కేసింగ్, టర్బైన్ బ్లేడు, విమానంలో వాడే బ్రాకెట్ లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. వాటి లోపలి ఆకారం బయటికి కనిపించదు, ముఖాలు ఏటవాలుగా ఉంటాయి, ఒక బోరుకూ ఇంకో బోరుకూ మధ్య సంబంధం మైక్రాన్లలో ఉంటుంది. ఇలాంటి భాగానికి గీసే ప్రతి వ్యూ షాపులో ఎవరో ఒకరు అడగబోయే ప్రశ్నకు ముందుగా చెప్పిన జవాబు కావాలి. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పని వ్యూ షీటుకు బరువే.

గోపన్‌పల్లి పరిసరాలు

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లి ఈ విద్యను గమనించడానికి అనువైన చోటు. ఒక పక్క గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మరో పక్క 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం. నల్లగండ్ల, లింగంపల్లి దాటి ముందుకు వెళితే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. అంటే డ్రాయింగులు గీసే ఆఫీసులు, వాటిని చూసి లోహం కోసే షాపులు కొద్ది కిలోమీటర్ల మేరలోనే ఉన్నాయి. సైబరాబాద్ అనగానే సాఫ్ట్‌వేర్ గుర్తుకొస్తుంది గానీ, ఇక్కడి కంప్యూటర్ తెరల మీద విమాన ఇంజన్ల భాగాలు, కార్ల భాగాలు, గేర్‌బాక్సులు కూడా రోజూ రూపు దిద్దుకుంటాయి.

రామచంద్రాపురం కర్మాగారం 1960లలో చెకోస్లొవేకియా సహకారంతో వచ్చింది. ఆవిరి టర్బైన్లు, గ్యాస్ టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు అక్కడ తయారయ్యాయి. డ్రాయింగు బల్ల, మినీ డ్రాఫ్టర్, ట్రేసింగ్ కాగితం, అమ్మోనియా ప్రింట్లతో పనిచేసిన తరం అది. బాలానగర్‌లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది. అదే బాలానగర్‌లో 1970లో మొదలైన ఎంటార్ టెక్నాలజీస్ అణు రియాక్టర్లకు, ఇస్రో రాకెట్ ఇంజన్లకు భాగాలు చేసిపెట్టింది. ఇలాంటి పనిలో డ్రాయింగ్ చదవడంలో పొరపాటు జరిగితే మళ్లీ చేసుకునే వీలు ఉండదు. ముడి సరుకే అంత ఖరీదైనది.

1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ స్థాపించారు. 2014లో దాని పేరు సైయెంట్ అయింది. అమెరికాకు చెందిన ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజన్ల కంపెనీకి 2000 నుంచి ఇంజినీరింగ్ పనులు చేస్తూ, తెలుగు నేల మీద ఈ రంగానికి ఒక దారి వేసిన సంస్థ అది. ఆ తర్వాత హ్యుందాయ్ తన ఇంజినీరింగ్ కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్ 2017లో నానక్‌రామ్‌గూడలో టెక్నాలజీ సెంటర్ తెరిచింది.

ఈ మార్పు వల్ల డ్రాఫ్ట్స్‌మన్ పని స్వభావమే మారింది. కర్మాగారం మేడ మీదే డ్రాయింగ్ ఆఫీసు ఉన్న రోజుల్లో, ఏ గీతైనా అర్థం కాకపోతే ఫోర్‌మన్ ప్రింటు చుట్టను చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చి అడిగేవాడు. ఇప్పుడు గీసేది గచ్చిబౌలిలో, కోసేది అమెరికాలోని కనెటికట్‌లోనో, జర్మనీలోనో, జీడిమెట్లలోనో. కనెటికట్‌లో మధ్యాహ్నం 12 గంటలకు ఆపరేటర్‌కు సందేహం వస్తే హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి 9.30, చలికాలంలో 10.30. జవాబు వచ్చేసరికి అక్కడ ఒక షిఫ్టు గడిచిపోతుంది, మిషన్ ఖాళీగా ఉంటుంది. ఎదురుగా నిలబడి అడిగే మనిషి లేనప్పుడు ఆ మనిషి ప్రశ్నను ముందే ఊహించగలగడమే వ్యూల ఎంపికలో అసలు నేర్పు.

ఫ్రంట్ వ్యూ

ఏ డ్రాయింగులోనైనా మొదట తేలవలసింది ఫ్రంట్ వ్యూ. మిగిలిన వ్యూలన్నీ దాన్నిబట్టే కుదురుకుంటాయి. వస్తువుకు ముందు వైపు ఏదో అదే ఫ్రంట్ వ్యూ అనుకోవడం విద్యార్థుల్లో తరచు కనిపించే పొరపాటు. అత్యధిక సమాచారం ఇచ్చే వ్యూనే ఫ్రంట్ వ్యూగా తీసుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 128 చెబుతుంది. కారును ముందు నుంచి చూస్తే వెడల్పు, ఎత్తు మాత్రమే తెలుస్తాయి. పక్క నుంచి చూస్తే చక్రాల మధ్య దూరం, తలుపులు, వాలు అన్నీ తెలుస్తాయి. కాబట్టి డ్రాయింగులో కారుకు ఫ్రంట్ వ్యూ దాని పక్క వైపే.

ఆ వ్యూలో భాగం ఏ స్థితిలో ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. పనిచేసేటప్పుడు ఉండే స్థితి, మిషన్ మీద ఉండే స్థితి, బిగించేటప్పుడు ఉండే స్థితి అని మూడు ఉంటాయి. షాఫ్టు, బుష్, ఫ్లాంజి లాంటి లేత్ పనులను మిషన్ మీద ఉండే తీరులోనే అడ్డంగా పడుకోబెట్టి గీస్తారు. నిలువు పంపులో నిలువుగా తిరిగే షాఫ్టుకైనా ఇదే పద్ధతి. టర్నర్ కళ్ల ముందు చక్‌లో జాబ్ ఎలా ఉందో కాగితం మీదా అలాగే ఉంటే మెడ తిప్పి చదవాల్సిన పని ఉండదు. పోత భాగాలను మాత్రం సాధారణంగా పనిచేసే స్థితిలో, కాళ్లు కింద పెట్టి గీస్తారు. పనిచేసే స్థితి, మిషన్ మీది స్థితి ఒకదానితో ఒకటి కుదరని చోట మిషన్ మీది స్థితికే ఓటు వేయడం మంచిది. డ్రాయింగ్ ఎక్కువ కాలం గడిపేది మిషన్ పక్కనే.

తర్వాతి వ్యూల విషయంలో ప్రమాణం చెప్పే సూత్రాలు కొద్దివి: అస్పష్టత లేకుండా చెప్పగలిగినన్ని మాత్రమే వేయాలి, కనిపించని అంచులను సూచించే చుక్కగీతలు తగ్గాలి, చెప్పిందే మళ్లీ చెప్పకూడదు. కుడి, ఎడమ వ్యూల్లో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వస్తే చుక్కగీతలు తక్కువ వచ్చేదాన్నే తీసుకోవాలి. ఒక చుక్కగీత దారి చూపుతుంది, ముప్ఫై కలిస్తే దారి మూసుకుపోతుంది. చుక్కగీతకు కొలత ఇవ్వాల్సి వచ్చిందంటే అక్కడ ఒక సెక్షన్, అంటే కోసి చూపే వ్యూ, కావాలని అర్థం.

ఒక హౌసింగ్‌ను గీసి చూద్దాం

సూత్రాలు చదివినంత మాత్రాన ఎంపిక రాదు. వార్మ్ గేర్‌బాక్స్ హౌసింగ్ ఒకదాన్ని తీసుకుని అడుగడుగునా ఏం ఆలోచించాలో చూస్తే తేటపడుతుంది. ఇది పోత ఇనుముతో చేసిన పెట్టె. వార్మ్ వీల్ తిరిగే అక్షం అడ్డంగా, పెట్టెకు ఈ గోడ నుంచి ఆ గోడకు వెళుతుంది. దాని కింద, దానికి లంబంగా వార్మ్ అక్షం ఉంటుంది. రెండు అక్షాలు కలుసుకోవు. వాటి మధ్య దూరం 100 మి.మీ. అనుకుందాం. వీల్ ఒక గోడలో 6210 బేరింగ్ మీద కూర్చుంటుంది, కాబట్టి ఆ బోరు 90 మి.మీ. ఎదుటి గోడలో వీల్ లోపలికి దూరడానికి 180 మి.మీ. పెద్ద బోరు ఉంటుంది; రెండో బేరింగ్‌ను మోసే కవరు దానికి బిగుస్తుంది. వార్మ్ రెండు చివర్లా 30206 టేపర్ బేరింగులు, అంటే 62 మి.మీ. బోర్లు. అడుగున నాలుగు కాళ్లు, పైన తనిఖీ మూత, ఒక చివర 30 డిగ్రీల వాలులో నూనె మట్టం చూసే కన్ను.

పెద్ద బోరు ఉన్న ముఖాన్ని ఫ్రంట్ వ్యూగా పెడదాం. కవరు బోల్టు రంధ్రాల అమరిక, కాళ్ల ఎత్తు, వార్మ్ అక్షం ఎత్తు, నూనె కన్ను వాలు అన్నీ ఇక్కడే కనిపిస్తాయి. దీన్ని మధ్యకు కోసి సెక్షన్‌గా చూపాలన్న ఆశ కలుగుతుంది. అలా కోస్తే మన వైపు ఉన్న ముఖం, దానితో పాటు బోల్టు రంధ్రాలు ఎగిరిపోతాయి. కాబట్టి ఫ్రంట్ వ్యూను బయటి రూపంగానే ఉంచాలి.

సైడ్ వ్యూను మాత్రం కోసి చూపాలి. వీల్ అక్షం గుండా నిలువుగా వెళ్లే తలంతో కోస్తే అది సెక్షన్ బీ-బీ. 90 బోరు, 180 బోరు రెండూ ఒకే బొమ్మలో, ఒకే గీత మీద కనిపిస్తాయి. ఆ రెండూ ఒకే అక్షం మీద ఉండడం ఈ హౌసింగ్‌కు తప్పనిసరి. ఏకాక్షత టాలరెన్స్ ఇవ్వాల్సిన రెండు బోర్లు రెండు వేర్వేరు వ్యూల్లో పడితే చదివేవాడికి ఆ సంబంధం అందదు. ఇదే సెక్షన్‌లో కింద వార్మ్ బోరు వృత్తంగా కనిపిస్తుంది. దాంతో 100 మి.మీ. మధ్య దూరం, బేరింగ్ కూర్చునే మెట్టు నుంచి వార్మ్ అక్షానికి ఉన్న పక్క దూరం రెండూ ఇక్కడే ఇవ్వవచ్చు. వార్మ్ సరిగ్గా వీల్ నడితలంలో ఉంటేనే పళ్ల మీద ఒత్తిడి గుర్తు మధ్యలో పడుతుంది. హౌసింగ్ ప్రాణమంతా ఆ రెండు కొలతల్లోనే ఉంది గనుక అవి ఒకే చోట, గుంపులో కలవకుండా కనబడాలి.

ఇక టాప్ వ్యూ. అనుభవం ఉన్న చేయి ఎక్కడ తేడా చూపుతుందో ఇక్కడ తెలుస్తుంది. మామూలుగా పై నుంచి చూస్తే మూత కనిపిస్తుంది, కాళ్ల కోసం మళ్లీ కింది నుంచి ఒక వ్యూ వేయాల్సి రావచ్చు. అలా కాకుండా వార్మ్ అక్షం ఎత్తులో అడ్డంగా కోసి పై నుంచి చూద్దాం. అది సెక్షన్ ఏ-ఏ. వార్మ్ బోర్లు రెండూ, వాటి మెట్లు, ఆయిల్ సీలు చోటు పొడవునా తెరుచుకుంటాయి. కోత కింద మిగిలిన కాళ్లు, వాటి నాలుగు రంధ్రాలు పూర్తిగా కనిపిస్తాయి. ఒకే వ్యూతో రెండు పనులు అయ్యాయి.

మిగిలినవి చిన్నవి. పైనున్న తనిఖీ మూత ముఖానికి బాణం గుర్తు పెట్టి, ఆ ముఖం వరకే ఒక పాక్షిక వ్యూ. నూనె కన్ను వాలు ఫ్రంట్ వ్యూలో గీతగా కనిపిస్తుంది, అందుకే 30 డిగ్రీల కోణం అక్కడ ఇస్తాం. ఆ ముఖానికి లంబంగా చూసిన ఆగ్జిలరీ వ్యూలో దాని నిజమైన గుండ్రం, మూడు స్క్రూ రంధ్రాలు వస్తాయి. ఆగ్జిలరీ వ్యూలో హౌసింగ్ మొత్తాన్ని వాలుగా గీయకూడదు. ఆ బొమ్మ ఎవరికీ ఉపయోగపడదు, చూపును మాత్రం చెదరగొడుతుంది. ఆయిల్ సీలు దగ్గరి చిన్న చాంఫర్‌కు, సర్‌క్లిప్ గాడికి 5:1 స్కేలులో ఒక డిటైల్ వ్యూ.

మూడు ప్రధాన వ్యూలు, రెండు పాక్షికాలు, ఒక డిటైల్. ఎక్కడా చుక్కగీతకు కొలత లేదు. ఇంకో విశేషం ఉంది. ఈ హౌసింగ్‌ను షాపులో మొదట కాళ్ల అడుగు మిల్లింగ్ చేసి, ఆ ముఖం మీద నిలబెట్టి, హారిజాంటల్ బోరింగ్ మిషన్‌లో వీల్ బోర్లు కొడతారు. టేబుల్‌ను 90 డిగ్రీలు తిప్పి వార్మ్ బోర్లు కొడతారు. డ్రాయింగులోని వ్యూలు మిషన్ మీది సెట్టింగులకు సరిగ్గా సరిపోయాయి. కాళ్ల అడుగే కొలతలకు ఆధారమైన డేటమ్ ఏ కావడం కూడా అందుకే సహజంగా ఉంటుంది.

సెక్షన్ల రకాలు

బొప్పాయిని నిలువునా కోస్తే గింజల వరుస పొడవు తెలుస్తుంది, అడ్డంగా కోస్తే గుజ్జు మందం తెలుస్తుంది. సెక్షన్ తలం ఎంపిక కూడా అంతే: ఏం తెలియాలో దాన్నిబట్టి కోత. పూర్తి సెక్షన్, సగం సెక్షన్ అందరికీ తెలిసినవే. రెండు పక్కలా సమానంగా ఉండే భాగానికి సగం సెక్షన్ అనువైనది. ఒక సగం లోపలి రూపం, ఇంకో సగం బయటి రూపం చూపుతుంది. రంధ్రాలు ఒకే గీత మీద లేనప్పుడు కోత తలాన్ని మెట్లు మెట్లుగా మళ్లించే ఆఫ్‌సెట్ సెక్షన్ వాడతారు. ఫ్లాంజి మీద వృత్తాకారంలో ఉన్న రంధ్రాలకు తలాన్ని వంచి, సమతలంలోకి తిప్పి చూపుతారు. ఒక్క రంధ్రం కోసమో కీవే కోసమో భాగమంతా కోయనక్కర్లేదు. అంతమేరకు విరిచినట్టు చూపే లోకల్ సెక్షన్ ఉంది. హ్యాండిల్ చేతి లాంటి వాటి అడ్డుకోతను వ్యూ మీదే తిప్పి వేయవచ్చు, లేదా పక్కకు తీసి వేయవచ్చు.

ఆఫ్‌సెట్ సెక్షన్‌ను అతిగా వాడడం ఇటీవలి డ్రాయింగుల్లో కనిపించే జబ్బు. ఐదారు మలుపులు తిరిగిన కోతను మనసులో మళ్లీ అతికించుకోవడం ఆపరేటర్‌కు శిక్షే. రెండు మలుపులు దాటితే రెండు వేర్వేరు సెక్షన్లు వేయడమే దయ.

కోసినా కోయనట్టు చూపవలసినవి కొన్ని ఉన్నాయి. బోల్టులు, నట్లు, షాఫ్టులు, కీలు, పిన్నులు, బేరింగ్ బంతులు, పొడవునా కోతకు గురైన రిబ్బులు ఈ జాబితాలోవి. మన హౌసింగ్‌లో బేరింగ్ బాస్ కింద ఉన్న రిబ్బు బీ-బీ తలంలోనే పడుతుంది. దానికి హ్యాచింగ్ (కోసిన లోహాన్ని సూచించే వాలుగీతలు) గీస్తే ఆ చోట గోడంతా దిమ్మలా మందంగా ఉందనిపిస్తుంది. ప్యాటర్న్ చేసేవాడు మోసపోవచ్చు. అందుకే దాన్ని హ్యాచింగ్ లేకుండా వదిలేస్తారు.

టర్బైన్ బ్లేడు

కొన్ని భాగాలకు ఫ్రంట్, టాప్, సైడ్ వ్యూలు మూడూ వేసినా ఏమీ చెప్పినట్టు కాదు. టర్బైన్ బ్లేడు అలాంటిది. దాని రెక్క అడుగు నుంచి కొన వరకు సన్నబడుతూ, మెలి తిరుగుతూ పోతుంది. ఎటు నుంచి చూసినా కనిపించే అంచు గీత రూపురేఖే గాని, కోయడానికి పనికొచ్చే కొలత కాదు. ఇక్కడ పద్ధతి వేరు. స్టాకింగ్ అక్షం అనే ఊహా రేఖను నిలబెట్టి, దానికి లంబంగా నిర్ణీత ఎత్తుల్లో వరుస సెక్షన్లు తీస్తారు. ప్రతి సెక్షన్‌లో ఏరోఫాయిల్ ఆకారాన్ని బిందువుల పట్టికగా ఇస్తారు. ముందంచు, వెనకంచు వ్యాసార్ధాలు, గరిష్ఠ మందం, మెలిక కోణం పక్కన చేరుస్తారు. డిస్కులో కూర్చునే ఫర్‌ట్రీ వేరు భాగం చిన్నదైనా ఒత్తిడంతా మోసేది అదే. దానికి పెద్ద స్కేలులో విడిగా డిటైల్ వ్యూ ఉంటుంది.

హైదరాబాద్‌కు ఈ పని కొత్త కాదు. బీహెచ్ఈఎల్ టర్బైన్లతో మొదలై, ఇప్పుడు అజాద్ ఇంజినీరింగ్ లాంటి సంస్థలు ప్రపంచంలోని పెద్ద టర్బైన్ కంపెనీలకు ఇక్కడి నుంచే ఏరోఫాయిళ్లు చేసి పంపుతున్నాయి. నేటి ఐదక్షాల మిషన్ బిందువుల పట్టికను చదవదు, త్రీడీ మోడల్ నుంచే నడుస్తుంది. అయినా ఆ సెక్షన్ల అవసరం పోలేదు. తనిఖీ చేసే సీఎంఎం యంత్రం ఏ ఎత్తులో కొలవాలో, టాలరెన్స్ ఎక్కడ వర్తిస్తుందో ఆ సెక్షన్లే చెబుతాయి. కోసేవాడి కోసం పుట్టిన వ్యూ కొలిచేవాడి చేతికి మారింది.

షీట్ల విభజన

సంక్లిష్ట భాగాన్ని ఒకే ఏ0 షీటులో ఇరికించాలన్న పట్టుదల మంచిది కాదు. ఏ0 కాగితం 841×1189 మి.మీ.; మిషన్ పక్కన దాన్ని పరిచే చోటే ఉండదు. ఏ2, ఏ3 షీట్లుగా విడదీసి, ప్రతి షీటుకూ ఒక ఉద్దేశం ఇవ్వడం మేలు. పోతకు ఒక డ్రాయింగ్, మిషనింగ్‌కు ఒక డ్రాయింగ్ అని పాత కర్మాగారాలు పాటించిన విభజన ఇప్పటికీ చెల్లుతుంది. ఫౌండ్రీకి కావలసింది పార్టింగ్ లైన్, డ్రాఫ్ట్ కోణం, కోర్ల ఆకారం. బోరు టాలరెన్సులతో వాళ్లకు పని లేదు.

సెక్షన్ కోత ఏ షీటులో ఉందో, దాని బొమ్మ ఏ షీటులో గీశారో రెండు చోట్లా రాసి తీరాలి. షీటు అంచుల్లో అక్షరాలు, అంకెలు వేసి చేసిన గళ్లు అందుకే ఉన్నాయి. విమాన రంగంలో మొదటి భాగాన్ని తనిఖీ చేసేటప్పుడు ఏఎస్9102 ప్రమాణం ప్రకారం డ్రాయింగులోని ప్రతి లక్షణానికి ఒక సంఖ్య ఇచ్చి, కొలిచి, నమోదు చేస్తారు. ఒకే కొలత రెండు వ్యూల్లో ఉంటే ఆ చిక్కు అప్పుడు బయటపడుతుంది. రివిజన్‌లో ఒక చోట మారి ఇంకో చోట పాతదే మిగిలిపోతే ఏది నమ్మాలో ఎవరికీ తెలియదు. అనవసరపు వ్యూ వల్ల వచ్చే నష్టం కాగితం ఖర్చు కాదు, ఇదీ.

ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్

వ్యూలను షీటు మీద ఎక్కడ పెట్టాలో చెప్పే ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ పద్ధతుల మూలం ఫ్రాన్స్‌లో ఉంది. గాస్పార్ మోంజ్ 18వ శతాబ్దంలో మెజియేర్ సైనిక పాఠశాలలో వర్ణనాత్మక జ్యామితిని రూపొందించాడు. కోటల నిర్మాణానికి పనికొచ్చే విద్య కావడంతో అది చాలాకాలం సైనిక రహస్యంగా ఉండి, 1795లో పారిస్ ఉపన్యాసాలతో బయటికి వచ్చింది. యూరప్‌లో వాడుకలో నిలిచింది ఫస్ట్ యాంగిల్, అమెరికాలో థర్డ్ యాంగిల్. భారత ప్రమాణాల సంస్థ 1988లో ప్రచురించిన ఎస్‌పీ 46 విద్యాసంస్థలకు ఫస్ట్ యాంగిల్‌నే నిర్దేశించింది.

ఫస్ట్ యాంగిల్‌లో ఎడమ నుంచి చూసిన రూపం ఫ్రంట్ వ్యూకు కుడి పక్కన, పై నుంచి చూసింది కింద వస్తాయి. థర్డ్ యాంగిల్‌లో ఎటు నుంచి చూస్తే అటే పెడతారు. రెండు పక్కలా సమానంగా ఉండే భాగానికి పొరపాటు పడినా బయటపడదు. మన హౌసింగ్‌లో మాత్రం నూనె కన్ను, పెద్ద బోరు ఒక్కో వైపే ఉన్నాయి. తప్పుగా చదివితే అద్దంలో చూసిన ప్రతిబింబం లాంటి హౌసింగ్ తయారై కూర్చుంటుంది. పొద్దున అమెరికా కంపెనీ డ్రాయింగ్, మధ్యాహ్నం జర్మనీ కంపెనీ డ్రాయింగ్ గీసే సైబరాబాద్ ఆఫీసుల్లో ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. టైటిల్ బ్లాకులోని శంకువు గుర్తును మార్చినంత మాత్రాన పద్ధతి మారదు. వ్యూల స్థానాలూ మారాలి. అనుమానం ఉన్న చోట వ్యూకు బాణం, అక్షరం పెట్టి గుర్తించే రెఫరెన్స్ బాణాల పద్ధతిని ఐఎస్‌ఓ అనుమతిస్తుంది. అది ఏ యాంగిల్‌కూ చెందదు గనుక తప్పు చదివే అవకాశమే ఉండదు.

మోడల్ ఉండగా వ్యూలెందుకు

త్రీడీ మోడలే అసలు పత్రం కావాలన్న ఆలోచన ఇప్పుడు బలంగా ఉంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌ఎంఈ వై14.41 2003లో, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 16792 2006లో మోడల్ మీదే కొలతలు, టాలరెన్సులు పెట్టే పద్ధతికి నియమాలు ఇచ్చాయి. 2014లో వచ్చిన స్టెప్ ఏపీ242 ఆ సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసుకెళుతుంది. విమాన, కార్ల రంగాల్లో దీని వాడుక పెరుగుతోంది.

దీంతో వ్యూల ఎంపిక అనవసరమైందని అనుకోవడం తొందరపాటు. వందల కొలతలను ఒకేసారి మోడల్ మీద వెలిగిస్తే తెర మీద ముళ్లపొద తప్ప ఏమీ కనిపించదు. అందుకే మోడల్‌లోనూ వ్యూలను సేవ్ చేసి పెట్టుకుంటారు: ఒకదాంట్లో డేటమ్‌లు, ఒకదాంట్లో బోర్లు, ఇంకోదాంట్లో కోసి చూపిన లోపలి భాగం. ఎటు తిప్పి, ఎక్కడ కోసి, ఏ కొలతలు మాత్రమే చూపాలో నిర్ణయించే బుర్ర అదే. కాగితం పోయింది, ప్రశ్న మిగిలింది. పైగా చిన్న షాపుల్లో ఇప్పటికీ ప్రింటు చేసిన డ్రాయింగే మాట్లాడుతుంది. టెండరు, కొనుగోలు, తనిఖీ అన్నీ దాని మీదే నడుస్తాయి.

కంప్యూటర్ తెచ్చిన ఇంకో ఇబ్బంది ఉంది. బల్ల మీద ఒక సెక్షన్ గీయాలంటే పూటంతా పట్టేది, కాబట్టి గీసే ముందు ఆలోచించేవారు. ఇప్పుడు వ్యూ పెట్టడం ఒక క్లిక్కు. అవసరమున్నా లేకపోయినా నాలుగు మూలలా ఐసోమెట్రిక్ బొమ్మలు, ఆరు వైపులా ఆరు వ్యూలు వచ్చి పడుతున్నాయి. ఒక్క ఐసోమెట్రిక్ వ్యూ మంచిదే. జాబ్ మొత్తం రూపం ఒక్క చూపులో అందుతుంది. అంతకు మించి వేసినవి కొలతల చోటు తింటాయి.

చదువు, శిక్షణ

తెలుగు రాష్ట్రాల్లో ఈ విద్య మూడు దారుల్లో అబ్బుతుంది. ఐటీఐలో మెకానికల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు రెండేళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంజినీరింగ్ డిగ్రీ. పుస్తకాల్లో ఎన్.డి. భట్ రాసిన ఇంజినీరింగ్ డ్రాయింగ్ దేశమంతటా తెలిసినదే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలకు చెందిన కె.ఎల్. నారాయణ, పి. కన్నయ్య ప్రభృతులు రాసిన మెషిన్ డ్రాయింగ్ పుస్తకం కూడా దేశంలో చాలా కళాశాలల్లో చేతులు మారింది. ప్రొజెక్షన్ నియమాలు వీటిలో చక్కగా వస్తాయి. రానిది ఎంపిక. పరీక్షలో ఫలానా మూడు వ్యూలు గీయమని ప్రశ్నలోనే అడుగుతారు. ఏ వ్యూలు కావాలో నువ్వే తేల్చమని అడగరు. విద్యార్థి నాలుగేళ్లు చదివి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎదురయ్యేది మాత్రం ఆ రెండో ప్రశ్నే.

రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్‌లో డిజైన్ చేసిన వస్తువును అక్కడే మిషన్ మీద చేసి చూసుకునే ఏర్పాటు ఉంది. ఈ ప్రాంతం నడిబొడ్డున అలాంటి చోటు ఉండడం పెద్ద వసతి. తన డ్రాయింగును తానే మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, ఆపరేటర్ దాన్ని ఎటు తిప్పి చదువుతున్నాడో, ఏ కొలత కోసం వెతుకుతున్నాడో, ఎక్కడ కాలిక్యులేటర్ తీస్తున్నాడో చూసినవాడికి వ్యూల ఎంపిక మళ్లీ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆపరేటర్ కూడిక, తీసివేత చేసుకోవాల్సి వచ్చిన ప్రతి చోటా డ్రాయింగులో ఒక లోపం ఉంది.

రామచంద్రాపురం, బాలానగర్, జీడిమెట్ల షాపులు గోపన్‌పల్లి నుంచి పెద్ద దూరమేమీ కాదు. ఇంజినీరింగ్ సేవల సంస్థలు కొత్తగా చేరిన ప్రతి డిజైన్ ఇంజినీరునూ తొలి ఏడాదిలోనే, తన చేతి మీదుగా వెళ్లిన డ్రాయింగుతో ఆ షాపుల్లో కొన్ని రోజులు నిలబెట్టాలి. పాలిటెక్నిక్‌లు ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న మార్చాలి: భాగాన్ని చేతికిచ్చి, కావలసిన వ్యూలు ఏవో, ఎందుకో రాయమనాలి.